విరిగిన పెంకు, పాత టైరు, పదిమంది పిల్లలు

అరిగిపోయిన సైకిలు టైరుతో పెద్దవాళ్ళకు పనిలేదు. దాంట్లో గాలి నిలవదు, అది బరువు మోయదు. పంక్చర్లు వేసే అతను దాన్ని గోడవారకు విసిరేస్తాడు. ఏడేళ్ళ పిల్లవాడొకడు దాన్ని అడిగి తెచ్చుకుంటాడు, మూరెడు పుల్ల ఒకటి విరుచుకుంటాడు, ఇక దీపాలు పెట్టే వేళదాకా వాడు ఇంట్లో కనపడడు. తెలుగు ఊళ్ళలో ఎంతోమంది ఇలా టైర్ల వెంట పరిగెత్తి పెరిగారు. ఆ టైరును ఆట వస్తువుగా ఎవరూ తయారు చెయ్యలేదు, ఎవరూ అమ్మలేదు, దాని వాడకం ఏ కాగితం మీదా రాయలేదు.

ఈ అధ్యాయం అలాంటి ఆటల గురించి. ముందు వస్తువుతో మొదలుపెడతాను. అసలు సంగతి వస్తువులో లేదన్నది నా నమ్మకం. అయినా వస్తువును సరిగ్గా చూడకుండా దాన్ని దాటి వెళ్ళలేం.

టైరును నిలబెట్టి వదిలేస్తే పడిపోతుంది, దొర్లిస్తే పడదు. దాని బరువంతా అంచునే ఉంటుంది కాబట్టి తిరిగేటప్పుడు దానికి మంచి కోణీయ ద్రవ్యవేగం వస్తుంది. ఏ రాయో తగిలి పక్కకు ఒరిగినప్పుడు అది ఉన్నచోటే కూలిపోదు. ఒరిగిన వైపుకు మలుపు తిరుగుతుంది, ఆ మలుపులోనే మళ్ళీ నిటారవుతుంది. దీనికి కనీస వేగం ఒకటి కావాలి. పలుచటి వలయానికి ఆ వేగం ఎంతో యాంత్రికశాస్త్రం లెక్కకట్టి చెబుతుంది: గురుత్వ త్వరణాన్ని వలయం వ్యాసార్ధంతో గుణించి, నాలుగుతో భాగించి, వచ్చినదానికి వర్గమూలం తియ్యాలి. సైకిలు టైరు వ్యాసార్ధం సుమారు 33 సెంటీమీటర్లు అనుకుంటే ఆ వేగం సెకనుకు 90 సెంటీమీటర్ల దగ్గర తేలుతుంది. తీరిగ్గా నడిచే మనిషి వేగం కూడా ఇంతకంటే ఎక్కువే. కానీ ఆ లెక్క నున్నటి గచ్చుకు సరిపోతుంది. వీధిలో గులకరాళ్ళుంటాయి, బండి చాళ్ళుంటాయి, అడ్డంపడే కోళ్ళుంటాయి. కుదుపు కుదుపుకీ టైరు వేగం తగ్గుతుంది. అందుకే పిల్లవాడు దాన్ని ఆ కనీస వేగానికి చాలా పైన ఉంచాలి, అంటే తాను పరిగెత్తాలి. వాడు ఆగితే ఆట పడిపోతుంది. పరిగెత్తమని వాడికి ఇంట్లో ఎవరూ చెప్పలేదు, బళ్ళో ఎవరూ చెప్పలేదు, టైరే పరిగెత్తిస్తోంది.

మలుపు తిప్పడం మరో విద్య. టైరు పైభాగంలో ఒక పక్కన పుల్ల ఆనించి కొద్దిగా ఒత్తితే అది అవతలి వైపుకు ఒరుగుతుంది, ఒరిగిన వైపే తిరుగుతుంది. ఎక్కువ ఒత్తితే పడిపోతుంది, తక్కువ ఒత్తితే తిన్నగా పోయి మురుగుకాలవలో దిగుతుంది. ఈ ఒత్తిడి ఎంతన్నది మాటల్లో చెప్పగల పిల్లవాడు ఉండడు. చెయ్యి మాత్రం రెండు రోజుల్లో నేర్చుకుంటుంది. వేసవిలో ముంజలు తినేశాక మిగిలిన కాయల్ని పుల్లతో గుచ్చి, పంగలకర్ర తగిలించి నడిపే బండి కూడా ఈ కుటుంబానిదే. అయితే దానికి రెండు చక్రాలున్నాయి కాబట్టి పడిపోదు. అందుకే నాలుగేళ్ళవాడికి ముంజకాయల బండి, ఏడేళ్ళవాడికి టైరు. ఈ వరస ఎవరూ పెట్టింది కాదు, వస్తువుల కష్టాన్ని బట్టి పిల్లలే తేల్చుకున్నది.

బిళ్ళంగోడు దగ్గర ఇంకాస్త ఆగాలి. తెలంగాణలో దీన్నే చిర్రగోనె అంటారు, ఉత్తరాదిన గిల్లీదండా. ఒక కర్ర, రెండు కొసలూ చెక్కిన చిన్న బిళ్ళ, అంతే సరంజామా. బిళ్ళను నేల మీద పెడితే దాని నడుమే నేలకు ఆనుతుంది, చెక్కిన కొసలు రెండూ గాలిలో ఉంటాయి. ఒక కొసను కర్రతో కొడితే బిళ్ళ నడుము ఆధారంగా తిరుగుతుంది. కొట్టిన కొస కిందికి వచ్చి నేలను తాకిన క్షణాన ఆధారం నడుము నుంచి ఆ కొసకు మారుతుంది. అవతలి కొస పైకి లేస్తూ నడుమును కూడా తనతో లేపుతుంది. బిళ్ళ గిరగిరా తిరుగుతూ గాలిలోకి ఎగురుతుంది. చెక్కడంలో వాలు సరిగ్గా కుదరకపోతే ఇది జరగదు. బిళ్ళ నేలకు కరుచుకుపోతుంది, లేదా ముందుకు జారిపోతుంది. అందుకే పిల్లలు బిళ్ళను చెక్కి, కొట్టి చూసి, మళ్ళీ చెక్కుతారు. ఇంజనీరింగు కాలేజీలో నమూనా తయారుచేసి పరీక్షించడం అంటే ఇదే పని.

ఎగిరిన బిళ్ళను రెండో దెబ్బతో దూరంగా కొట్టాలి. బిళ్ళ అర మీటరు ఎత్తు లేచిందనుకోండి. లేచి మళ్ళీ నేలను తాకడానికి దానికి పట్టే సమయం సెకనులో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ. ఒక మీటరు లేస్తే సుమారు 0.9 సెకను. కంటికి ఒక వెలుగు కనపడిన వెంటనే వేలితో మీట నొక్కడానికే పెద్దవాళ్ళకు సెకనులో అయిదో వంతు పడుతుంది, చిన్నపిల్లలకు ఇంకా ఎక్కువ. ఆపైన కర్ర వెనక్కి తీయాలి, ఊపాలి, తిరుగుతున్న బిళ్ళను తగిలించాలి. కాబట్టి బిళ్ళను చూశాక కొట్టడం కుదరదు. బిళ్ళ ఎక్కడికి రాబోతోందో ముందే ఊహించి కర్రను అక్కడికి పంపాలి. మెదడు వెనకభాగంలోని అనుమస్తిష్కానికి ఇలాంటి సమయ సాధనే ముఖ్యమైన పని. బిళ్ళ ప్రతిసారీ ఒకేలా లేవదు కాబట్టి ఈ సాధన ఎప్పటికీ పాతబడదు.

ఇక్కడే ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. బిళ్ళ తగిలి దెబ్బతిన్న కళ్ళు మన దేశంలో కంటి వైద్యులకు కొత్త కాదు. ఎదుట నిలబడి బిళ్ళను పట్టేవాళ్ళు ఎంత దూరంలో ఉండాలన్నది తెలిసిన పిల్లలు గట్టిగా పాటించే నియమం. ఆ నియమం నేర్పేవాళ్ళు లేనిచోట ఈ ఆట ఆడకూడదు.

పిల్లల ఒంటి సంగతి చూద్దాం. పెద్దవాళ్ళు వ్యాయామం అనగానే అరగంట నడక, పావుగంట పరుగు అంటారు. పిల్లల కదలికకు ఆ లయ లేదు. 1995లో అమెరికాలో కొందరు పరిశోధకులు ఆరు నుంచి పదేళ్ళ పిల్లల్ని మామూలు రోజుల్లో గమనిస్తూ, కొన్ని సెకన్లకొకసారి వాళ్ళేం చేస్తున్నారో నమోదు చేశారు. పరుగు, గెంతు వంటి తీవ్రమైన కదలిక ఒక్కో విడతలో సాధారణంగా మూడు సెకన్లే సాగింది. పదిహేను సెకన్లు దాటిన విడతలు నూటికి అయిదుకు మించలేదు. ఉరుకు, ఆగు, కూర్చో, మళ్ళీ ఉరుకు. ‘కాసేపు కుదురుగా ఉండవేంరా’ అని అమ్మ విసుక్కునేది ఈ లయనే. 2018లో ఫ్రాన్సులో జరిగిన ఇంకో పరిశోధనలో ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ అబ్బాయిల్ని, వ్యాయామం అలవాటు లేని పెద్దవాళ్ళని, జాతీయ స్థాయి క్రీడాకారులని సైకిలు మీద పూర్తి బలంతో తొక్కించి చూశారు. పిల్లల కండరాలు క్రీడాకారుల కండరాల్లాగే తక్కువగా అలిసిపోయాయి. గుండె వేగం మామూలుకు రావడంలో, రక్తంలోంచి లాక్టేట్ తొలగడంలో పిల్లలు ఆ క్రీడాకారుల్నీ మించిపోయారు. చిన్న ఉరుకు, చిన్న విరామం, మళ్ళీ ఉరుకు అన్నదానికే ఆ శరీరం తయారై ఉంది. మైదానం చుట్టూ పది చుట్లు కొట్టమంటే వాళ్ళు నీరసపడేది ఓపిక లేక అని నేననుకోను. ఆ పనికి లయ తప్పింది.

తొక్కుడుబిళ్ళలో ఇంకొకటుంది. గళ్ళు గీసి, పెంకుముక్క వేసి, ఒంటికాలితో గెంతుతూ దాన్ని పాదంతో తోసుకుంటూ పోవాలి. మన వైపు దీన్ని ఆడపిల్లల ఆటగా చూస్తారు. అమెరికాలోని ఓరెగాన్‌లో 2001లో వెలువడిన అధ్యయనం ఒకటి ఈ సందర్భంలో నాకెప్పుడూ గుర్తొస్తుంది. ఆరు నుంచి పదేళ్ళ లోపు పిల్లల చేత వారానికి మూడుసార్లు, సారికి వంద చొప్పున, 61 సెంటీమీటర్ల ఎత్తు పెట్టె మీద నుంచి ఏడు నెలలపాటు దూకించారు. దూకని పిల్లలతో పోలిస్తే దూకినవాళ్ళ తుంటి దగ్గరా వెన్నులోనూ ఎముక ఖనిజం కొన్ని శాతాలు పెరిగింది. తొక్కుడుబిళ్ళ గెంతు అంత ఎత్తుది కాదు, ఆ ఫలితాన్ని దీనికి నేరుగా అంటగట్టడం తప్పు. కానీ ఎముక గట్టిపడేది బరువు పడ్డప్పుడే, అదీ యౌవనానికి ముందు వయసులో బాగా. పదేళ్ళు నిండగానే ‘ఇంకా గెంతులేంటి’ అని ఆడపిల్లను గడప లోపలికి పిలిచే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఎముకకు గెంతు అవసరమైన వయసు సరిగ్గా అదే.

సరే, వస్తువునూ ఒంటినీ చూశాం. పాత టైరులో పరుగునూ, కుండపెంకులో గెంతునూ కనిపెట్టిన బుర్ర ఎవరిది?

పిల్లల ఊహకు హద్దుల్లేవని, వాళ్ళు పుట్టుకతోనే సృష్టికర్తలని మనం తరచూ అంటాం. ఇందులో కొంత నిజముంది. టిమ్ జర్మన్, మార్గరెట్ డెఫైటర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2000లో ఒక ప్రయోగం ప్రచురించారు. అయిదు, ఆరు, ఏడేళ్ళ పిల్లల ముందు ఒక బొమ్మకు అందనంత ఎత్తులో అలమర పెట్టి, కింద ఒక పెట్టె, కొన్ని దిమ్మెలు, మరికొన్ని వస్తువులు ఉంచారు. పెట్టెను బోర్లించి దాని మీద దిమ్మెలు పేర్చితే పని అవుతుంది. కొందరికి పెట్టె ఖాళీగా ఇచ్చారు, కొందరికి దాంట్లో వస్తువులు నింపి ఇచ్చారు. నింపిన పెట్టె చూసిన ఆరేడేళ్ళ పిల్లలకు అది ‘వస్తువులు వేసుకునేది’గా మనసులో కూర్చుంది, దాన్ని బోర్లించాలన్న ఆలోచన ఆలస్యంగా వచ్చింది. అయిదేళ్ళవాళ్ళకు ఆ ఆలస్యం లేదు. ఫలానా వస్తువు ఫలానా పనికే అన్న ముద్ర వాళ్ళ మనసులో ఇంకా గట్టిపడలేదు. అమ్మ చాటను స్టీరింగు చేసుకునేవాడూ, తువ్వాలును తోక చేసుకునేవాడూ ఈ వయసువాళ్ళే.

ఇక్కడితో ఆగిపోతే కథ అందంగా ఉంటుంది. కానీ 2011లో సారా బెక్, ఆమె సహచరులు బ్రిటన్‌లో చేసిన ప్రయోగం దీనికి ఎదురుగా నిలబడుతుంది. ఎత్తైన పారదర్శక గొట్టం అడుగున చిన్న బకెట్టు ఉంది, దానికి పిడి ఉంది, లోపల పిల్లలకు ఇష్టమైన స్టిక్కరు ఉంది. చేతిలో వంగే తీగ. కొస వంచి కొక్కెం చేస్తే బకెట్టు పైకి వస్తుంది. 2002లో ఆక్స్‌ఫర్డ్‌లో బెట్టీ అనే న్యూకాలెడోనియా కాకి తీగను వంచి ఇలాంటి పనే చేసి లోకాన్ని ఆశ్చర్యపరిచింది. మూడు నుంచి అయిదేళ్ళ పిల్లల్లో ఈ పని చెయ్యగలిగినవాళ్ళు చాలా కొద్దిమంది. ఏడెనిమిదేళ్ళకు గానీ దాదాపు సగం మందికి తట్టలేదు. ఆట వస్తువులు ఎక్కువై పిల్లల బుర్ర మొద్దుబారిందేమో అనుకోవడానికీ వీల్లేదు. 2014లో మార్క్ నీల్సెన్ బృందం ఆస్ట్రేలియా నగర పిల్లల్నీ, దక్షిణాఫ్రికాలోని బుష్‌మన్ పిల్లల్నీ పోల్చి చూస్తే రెండు చోట్లా అదే వైఫల్యం. ఈ వరస ప్రయోగాల్లో నన్ను పట్టుకున్న సంగతి మరొకటి: కొక్కెం ఎలా వంచాలో ఒక్కసారి ఎవరైనా చూపిస్తే చాలు, దాదాపు పిల్లలంతా వెంటనే చేసేశారు.

ఈ రెండు ప్రయోగాలూ కలిపి చూస్తే నాకు తోచేది ఇది. చిన్నపిల్లవాడు చేతికి ఇచ్చిన వస్తువును ఏ పనికైనా వాడగలడు, కానీ పనికి కావలసిన వస్తువును ఒంటరిగా కూర్చుని తయారుచేయడం వాడికి కష్టం. చూసి నేర్చుకోవడంలో మాత్రం వాడికి సాటి లేదు. అంటే ఒక పిల్లవాడు కూర్చుని బిళ్ళంగోడును కనిపెట్టాడనుకోవడం సరికాదు. ఒకడు పుల్లతో పుల్లను ఎగరేశాడు, ఇంకొకడు చూసి కొస చెక్కాడు, మరొకడు దూరం కొలవడానికి కర్రనే కొలబద్ద చేశాడు, పక్క వీధివాడు గుంట తవ్వాడు. ఎవరూ పేరు పెట్టుకోలేదు, ఎవరూ పెద్దగా కనిపెట్టలేదు. అయినా తరాల తర్వాత చూస్తే అక్కడొక పూర్తి ఆట ఉంది. భాషలూ వంటలూ పెరిగిన దారి కూడా ఇదే.

ఏడు పెంకులాటలో ఈ పని పిల్లల కళ్ళెదుటే నడుస్తుంది. కర్ణాటకలో లగోరీ, ఉత్తరాదిలో పిట్టూ అనేది ఇదే ఆట. పెంకులు ఏడు, ఒకదాని మీద ఒకటి. ఒక జట్టువాడు బంతితో వాటిని పడగొడతాడు. ఆ జట్టు మళ్ళీ పేర్చేలోగా అవతలి జట్టు బంతితో కొట్టి వాళ్ళను అవుట్ చెయ్యాలి. పెంకులు పాత ఇంటి కప్పువో, పగిలిన కుండవో, బండరాయి పలకలో. బంతి గుడ్డపేలికలు చుట్టి, సైకిలు ట్యూబును ఉంగరాలుగా కోసి బిగించింది. పేర్చడంలో భౌతికశాస్త్రం సూటిగానే ఉంది. పెద్దది కింద, చిన్నది పైన. ప్రతి పెంకు మీదా ఉన్న మొత్తం బరువుకు గురుత్వ కేంద్రం ఆ పెంకు అంచు దాటకూడదు. వెనక నుంచి బంతి వస్తుండగా, ఒక కన్ను బంతి మీద పెట్టి, వణికే చేత్తో పాటించాల్సిన సూత్రం ఇది.

దీన్ని మించిన తెలివి నియమాల్లో ఉంది. పెంకులు మరీ పెద్దవైతే పేర్చేవాళ్ళు అవలీలగా గెలుస్తారు. బంతి మరీ గట్టిదైతే అవతలివాళ్ళు గెలుస్తారు, పైగా వీపులు కమిలిపోతాయి. ఏ వైపు గెలుస్తుందో ముందే తెలిసిన ఆట పది నిమిషాల్లో చచ్చిపోతుంది. అందుకే పిల్లలు ఆట మధ్యలో ఆగి వాదించుకుంటారు. బంతి పట్టుకుని పరిగెత్తకూడదు, అందించుకోవాలి. తలకు తగిలితే లెక్కలేదు. గీత ఇంకో రెండు అడుగులు వెనక్కి. దూరం నుంచి వినేవాళ్ళకు ఇది పోట్లాట. అసలక్కడ జరుగుతున్నది రెండు జట్ల బలాలను సమం చేసే ప్రయత్నం. ఆ ప్రయత్నమే ఆటను కనిపెట్టడంలో పెద్ద భాగం, వస్తువును ఎంచుకోవడం చిన్న భాగం. ఒక సాయంత్రంలో సగం వాదనకే పోయినా అది వృథా అయిన సమయం అనుకోవద్దు.

స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ పియాజే జెనీవా, న్యూషాటెల్ నగరాల్లో గోలీలాడే పిల్లల దగ్గరికి వెళ్ళి, తనకు ఆట రాదన్నట్టు నటించి నేర్పమని అడిగాడు. నియమాలు ఎక్కణ్ణుంచి వచ్చాయి, వాటిని మార్చవచ్చా అని ప్రశ్నించాడు. దాని మీద 1932లో పుస్తకం రాశాడు. చిన్నవాళ్ళు నియమాలు పెద్దలో దేవుడో పెట్టినవని, మార్చకూడదని చెప్పారు. అలా చెప్పి వాటిని ఇష్టం వచ్చినట్టు ఉల్లంఘించారు. పదేళ్ళు దాటినవాళ్ళు, అందరూ ఒప్పుకుంటే మార్చుకోవచ్చని చెప్పారు. వాటిని కచ్చితంగా పాటించిందీ వాళ్ళే. నియమం మన చేతిలోదని తెలిసినవాడే దాన్ని గౌరవించాడు. పౌరశాస్త్రం పుస్తకంలో రాజ్యాంగం గురించి చదివే వయసుకు ముందే ఈ పిల్లలు గోలీల గుంట దగ్గర దాన్ని గ్రహించారు.

చిన్నవాడు ఈ మెట్టు ఎలా ఎక్కుతాడు? మన పిల్లల దగ్గర దానికొక ఏర్పాటు ఉంది. ఆటలో అరటిపండు. అక్క వెంట వచ్చిన అయిదేళ్ళ చెల్లి, ఆడతానని ఏడ్చే తమ్ముడు. వాళ్ళను వదిలి రాకూడదని అమ్మ ఆజ్ఞ, ఆడించుకుంటే జట్టు ఓడిపోతుందని భయం. అందుకని అరటిపండు చేస్తారు. వాడు పరిగెత్తవచ్చు, అరవవచ్చు, పెంకు అందించవచ్చు. వాణ్ణి అవుట్ చెయ్యరు, వాడు చేసింది లెక్కలోకి రాదు. పెద్దవాళ్ళు ఈ మాటను చులకనగా వాడతారు గానీ నా దృష్టిలో బాల్యం చేసిన గొప్ప ఏర్పాట్లలో ఇదొకటి. కొక్కెం ప్రయోగం ఏం చెప్పింది? ఒంటరిగా తట్టని పని చూస్తే వెంటనే వస్తుందని చెప్పింది. అరటిపండు రెండేళ్ళపాటు ఆట మధ్యలో నిలబడి, ఓడిపోతానన్న భయం లేకుండా, అన్నీ చూస్తాడు. బంతి ఎలా చుట్టాలో, కొస ఎంత చెక్కాలో, గొడవొస్తే ఎవరు ఎలా తీరుస్తారో చూస్తాడు. మూడో ఏడాది వాడు జట్టులో ఉంటాడు. బిళ్ళ చెక్కే విద్య ఒక తరం నుంచి ఇంకో తరానికి వెళ్ళేది ఈ సందులోంచే.

వస్తువులూ పిల్లలూ కలిసిన చోట ఏమవుతుందో పెద్దవాళ్ళు కావాలని చేసి చూసిన సందర్భాలున్నాయి. కార్ల్ థియోడర్ సోరెన్సెన్ డెన్మార్క్‌లో ఉద్యానవనాలు రూపొందించేవాడు. తాను ముచ్చటగా కట్టిన ఆటస్థలాలను వదిలేసి పిల్లలు ఇళ్ళు కడుతున్న చోట్లకు, చెత్త ఉన్న చోట్లకు పోయి ఆడటం చూశాడు. చిన్నబుచ్చుకోకుండా, వాళ్ళదే సరైన ఎంపిక అని గ్రహించాడు. 1943లో, దేశం జర్మన్ సైన్యం ఆక్రమణలో ఉండగానే, కోపెన్‌హాగన్‌లోని ఎమ్‌డ్రూప్ దగ్గర మొదటి తుక్కు ఆటస్థలం తెరిచారు. పలకలు, ఇటుకలు, తాళ్ళు, పనిముట్లు అక్కడ ఉండేవి, కాస్త తోడుగా ఉండటానికి ఒక పెద్దమనిషి ఉండేవాడు. యుద్ధం ముగిశాక దాన్ని చూసిన లేడీ అలెన్ అనే బ్రిటిష్ ఉద్యానవన రూపకర్త ఆ ఆలోచనను బ్రిటన్‌కు తీసుకెళ్ళింది. 1971లో సైమన్ నికల్సన్ అనే శిల్పి దీనికి సిద్ధాంత రూపం ఇచ్చాడు. ఒక చోట అటూ ఇటూ కదిపి, విడదీసి, కలపగల విడి వస్తువులు ఎంత ఎక్కువ ఉంటే అక్కడ కొత్తది కనిపెట్టే అవకాశం అంత ఎక్కువని వాదించాడు. జారుడుబల్ల జారడానికే. పలక ఒకటి ఇస్తే అది వంతెన, దుకాణం, తెప్ప, గోడ.

సిడ్నీలో అనీటా బండీ బృందం దీన్ని కొలిచి చూసింది. పన్నెండు ప్రాథమిక పాఠశాలల్లో కొన్నింటి ఆవరణలో పదమూడు వారాలపాటు కారు టైర్లు, పాల డబ్బాల ట్రేలు, అట్టపెట్టెలు, గుడ్డలు వంటివి ఉంచారు. అయిదు నుంచి ఏడేళ్ళ పిల్లల నడుముకు కదలికలు కొలిచే చిన్న యంత్రాలు కట్టారు. 2013లో వచ్చిన ఫలితం ప్రకారం ఇంటర్వెల్ సమయంలో చురుకైన కదలిక పెరిగింది, ఊరికే కూర్చునే సమయం తగ్గింది. పెరుగుదల రెండు నిమిషాల లోపే, పెద్దదేం కాదు. దాన్ని ఎక్కువ చేసి చెప్పడం నాకిష్టం లేదు. కానీ ఆ పిల్లలకు ఎవరూ పాఠం చెప్పలేదు, ఈల ఊదలేదు, ఖరీదైన పరికరం కొనలేదు. తుక్కు తెచ్చి పడేసి పక్కకు తప్పుకున్నారు. టీచర్లకూ తల్లిదండ్రులకూ ఉన్న దెబ్బల భయం గురించి వాళ్ళతో కూర్చుని మాట్లాడటం కూడా ఆ అధ్యయనంలో భాగమే. టైరు తేవడం తేలిక, ఈ మాట్లాడటమే అసలు శ్రమ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు నుంచి పదిహేడేళ్ళవాళ్ళకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన కదలిక కావాలంటుంది. ఆ సంస్థ పరిశోధకులే 2019లో ప్రచురించిన లెక్కల ప్రకారం పదకొండు నుంచి పదిహేడేళ్ళవాళ్ళలో లోకమంతటా నూటికి 81 మందికి అది అందడం లేదు. ఫోను వచ్చి ఆటలు పోయాయని మనం తేలిగ్గా తేల్చేస్తాం. పెంకుటిళ్ళు పోయి పెంకులు పోయాయి, ట్యూబు లేని టైర్లు వచ్చాయి, అందుకే ఆటలు పోయాయని మరికొందరు అంటారు. వస్తువు కొరత కారణమని నేను ఒప్పుకోను. సీసా మూతలు లేని వీధి ఉందా? 2016 ప్రాంతంలో లోకమంతా పాకిన సీసా పల్టీ ఆటను చూడండి. కొద్దిగా నీళ్ళున్న ప్లాస్టిక్ సీసాను గాలిలో పల్టీ కొట్టించి నిలువుగా దించాలి. సీసా తిరుగుతుంటే నీళ్ళు దాని పొడవునా పరుచుకుంటాయి, జడత్వ భ్రామకం పెరుగుతుంది, తిరుగుడు నెమ్మదిస్తుంది, సీసా దాదాపు నిటారుగా కిందికి దిగుతుంది. నెదర్లాండ్స్‌లో ట్వెంటే విశ్వవిద్యాలయం వాళ్ళు 2018లో దీని మీద భౌతికశాస్త్ర వ్యాసమే రాశారు. నీళ్ళు సీసాలో మూడో వంతు అటూ ఇటూగా ఉంటే పల్టీ బాగా కుదురుతుందని పిల్లలు అంతకుముందే కనిపెట్టారు. బిళ్ళ కొస చెక్కిన బుర్రే ఇక్కడా పనిచేసింది. తేడా ఏమిటంటే దీన్ని ఎక్కువమంది చూసి నేర్చుకుంది తెర మీద, ఆడింది బల్ల ముందు నిలబడి.

మన పిల్లలకు తక్కువైంది వేరు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చినప్పుడే ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని దాని షెడ్యూలులో రాశారు. అయినా అపార్టుమెంటు మొదటి అంతస్తులో బడి, కింద బేకరీ ఉన్న వీధులు మన పట్టణాల్లో ఎన్నో. స్థలం ఉన్నచోట సమయం లేదు. ఆరో తరగతి నుంచే ఐఐటీ పేరు చెప్పి సాయంత్రం స్టడీ అవర్ పెట్టారు. స్థలమూ సమయమూ రెండూ ఉన్నచోట కూడా మూడోది ఒకటి మెల్లగా మాయమైంది. వయసుల కలయిక. ఒకటో తరగతికి ఒక ఇంటర్వెల్, ఆరో తరగతికి వేరే ఇంటర్వెల్, కోచింగులో ఏడేళ్ళవాళ్ళంతా ఏడేళ్ళవాళ్ళతోనే. తోపులాట తగ్గుతుందని బడి ఈ ఏర్పాటు చేసింది, ఆ కారణాన్ని నేను కొట్టిపారేయను. కానీ అందరూ ఒకే వయసువాళ్ళైన గుంపులో అరటిపండుకు చోటు లేదు. చూడటానికి పెద్దవాడు లేడు, చూపించడానికి చిన్నవాడు లేడు. పియాజే చూసిన పదేళ్ళవాళ్ళు ఒకవైపు, ఆరేళ్ళవాళ్ళు ఒకవైపు విడిపోతే నియమాలను మార్చే విద్య ఎవరి నుంచి ఎవరికి వెళుతుంది?

దీనికి పథకాలూ నిధులూ అక్కర్లేదు. ఏ ప్రధానోపాధ్యాయుడైనా వారానికి ఒక్క మధ్యాహ్నం రెండో తరగతినీ ఏడో తరగతినీ ఒకేసారి బయటికి వదలవచ్చు. ఆవరణ మూల రెండు పాత టైర్లు, కొన్ని పెంకులు, తాడు, అట్టపెట్టెలు పడి ఉండనివ్వవచ్చు. మేకులు, గాజుముక్కలు ముందే ఏరించి, బిళ్ళంగోడు ఆడేవాళ్ళకు వేరే మూల గీత గీసి ఇస్తే చాలు. ఏడు పెంకులాట తెలిసిన పిల్లలు ఎవరూ లేని బడులు ఇప్పుడు చాలా ఉన్నాయి కాబట్టి, మొదటిరోజు ఒక తాతయ్యనో, వంటపని చేసే ఆయమ్మనో, ఆట వచ్చిన మాస్టారునో పిలవాల్సి ఉంటుంది. వచ్చినవారు బంతి చుట్టి చూపించాలి, ఒక ఆట ఆడి చూపించాలి. రెండో ఆటకు వారు పక్కకు వచ్చి అరుగు మీద కూర్చోవాలి. పెంకులు మరీ పెద్దవని, గీత మరీ దగ్గరని పిల్లలు వాదించుకోవడం మొదలుపెట్టినప్పుడు లేచి వెళ్ళి తీర్పు చెప్పకుండా ఉండటమే వారు చెయ్యాల్సిన కష్టమైన పని.